స్టార్‌గేట్: మనిషి వెనక్కి రాలేని దారిలో వీడియో ఎలా వస్తోంది?

కొత్తప్రేక్షకి
'స్టార్‌గేట్ ఎస్‌జీ-1' సిరీస్ మొదటిసారి చూస్తున్నాను. రెండో సీజన్ మధ్యలో ఉన్నాను. ఒక విషయం బుర్ర తినేస్తోంది. వేరే గ్రహాలకు తీసుకెళ్లే ఆ గుండ్రటి గేటు దాటి అటు వెళ్లినవాళ్లు అదే దారిలో వెనక్కి రాలేరు. అది మూసుకున్నాక అటునుంచి మళ్లీ డయల్ చేసుకుని రావాలి. సరే, ఒప్పుకున్నాను. కానీ ముందుగా పంపే మనుషుల్లేని ఆ మాల్ప్ బండి అటునుంచి వీడియో పంపుతుంది, ఇక్కడ స్థావరం జనరల్ హామండ్ తెర మీద చూస్తూ నిర్ణయాలు తీసుకుంటాడు. రేడియోలో మాట్లాడుకుంటారు కూడా. దారి వన్‌వే అయితే వీడియో ఎలా వస్తోంది? రచయితలు తమ వీలు కోసం పెట్టుకున్నదా, లేక దీని వెనక ఏదైనా లెక్క ఉందా? కథ ముందు ముందు ఏమవుతుందో మాత్రం చెప్పకండి ప్లీజ్.

గేటుగోపి
లెక్క ఉంది. పదార్థం ఒకవైపే వెళ్తుంది, రేడియో తరంగాలు రెండు వైపులా వెళ్తాయి. ఈ నియమాన్ని మొదటి సీజన్ నుంచీ పాటిస్తున్నారు.

ముందు ఒక పని చేయండి. గేటును తలుపు అనుకోవడం మానేయండి. చాలామంది ఇక్కడే తికమకపడతారు. అది రెండు గదుల మధ్య పెట్టిన కంత కాదు, పంపే యంత్రం. ఆ నీళ్లలాంటి ఈవెంట్ హొరైజన్‌లోకి అడుగుపెట్టినదాన్ని ఇవతలి గేటు విడగొడుతుంది, వర్మ్‌హోల్ అనే సొరంగం గుండా పంపుతుంది, అవతలి గేటు తిరిగి కూరుస్తుంది. డయల్ చేసిన గేటుది విడగొట్టే పని, డయల్ అందుకున్న గేటుది కూర్చే పని. కనెక్షన్ ఉన్నంతసేపూ ఆ పనులు మారవు. అవతలి నుంచి ఎవరైనా తిరిగి అందులోకి దూకితే వాళ్లను కూర్చే గేటు ఇవతల ఉండదు. అంతే సంగతులు.

రేడియో తరంగాన్ని విడగొట్టి మళ్లీ కూర్చాల్సిన పనేముంది? దానంతట అదే వెళ్తుంది, వస్తుంది.

సందేహాలరావు
బాగుంది గోపి గారూ, కానీ కాంతి కూడా రేడియో జాతిదే కదా. రెండూ విద్యుదయస్కాంత తరంగాలే. రేడియో వస్తే అవతలి దృశ్యం కూడా ఇటు కనిపించాలి. మనకు కనిపించేది నీలం నీళ్లు మాత్రమే.

నిశాచరి
అవతల ఏముందో ముందే కనిపిస్తే ఎపిసోడ్‌లో సస్పెన్స్ ఏం మిగులుతుందండీ? దీనికి ఫిజిక్స్ వెతకడం వృథా.

గేటుగోపి
నిశాచరి గారు అన్నదాంట్లో సగం నిజం ఉంది. మిగతా సగానికి నా ఊహ చెబుతాను. ఆ ఉపరితలం పొడవైన తరంగాలను వదిలి పొట్టివాటిని ఆపేస్తుంది అనుకుంటే సరిపోతుంది. రేడియో తరంగం పొడవు సెంటీమీటర్లలో, మీటర్లలో ఉంటుంది. మనకు కనిపించే కాంతిది మైక్రోమీటర్‌కు తక్కువే. సిరీస్ ఈ మాట ఎక్కడా పలకదు గానీ చూపించినదానికి ఎదురు కూడా చెప్పదు.

పెగాసస్_పద్మ
కొత్తప్రేక్షకి గారూ, మీ రెండో సీజన్‌లోనే 'ఎ మ్యాటర్ ఆఫ్ టైమ్' అనే ఎపిసోడ్ ఉంది. చూసేశారా? చూడకపోతే ఈ పోస్ట్ ఇక్కడే ఆపేయండి.

అందులో అవతలి గ్రహం బ్లాక్ హోల్ అంచున ఉంటుంది. గేటు మూసుకోదు. అక్కడి గురుత్వాకర్షణ వర్మ్‌హోల్ గుండా భూమి మీది స్థావరంలోకి పాకుతుంది, కాలం నెమ్మదిస్తుంది. అంటే రేడియో ఒక్కటే కాదు, గురుత్వం కూడా వెనక్కి వస్తోందన్నమాట. గోపి గారి 'పంపే యంత్రం' వాదానికి ఇది కొంచెం ఇబ్బందే. వట్టి యంత్రమైతే గురుత్వం ఎలా పాకుతుంది? మధ్యలో నిజంగానే ఒక కంత ఉండాలి.

గేటుగోపి
కంత ఉంది, కాదనలేదు. వర్మ్‌హోల్ అనేది కంతే. నేనన్నది మనిషి ఆ కంతలోంచి మనిషిలా నడిచి వెళ్లడు అని.

కొత్తప్రేక్షకి
ఆ ఎపిసోడ్ చూశాను, పర్వాలేదు. అవతల చిక్కుకున్న టీమ్ తెర మీద కదలకుండా నిలబడిపోయి కనిపించే సీన్ చాలాసేపు వదల్లేదు నన్ను. పనిచేసే తీరు గురించి అయితే ముందు సీజన్ల సంగతులు చెప్పినా ఫర్వాలేదు. ఎవరు చనిపోతారో, ఎవరు వెళ్లిపోతారో మాత్రం వద్దు.

ఇంకో ప్రశ్న. గేటు డయల్ చేయడానికి ఏడు గుర్తులే ఎందుకు? సినిమాలో డేనియల్ గీసిన ఆ ఘనం బొమ్మ నాకు సగమే అర్థమైంది.

లెక్కలమాస్టారు
ఇది నాకు ఇష్టమైన సబ్జెక్టు, కాస్త పొడుగవుతుంది.

1994 సినిమా చెప్పేది ఇది: అంతరిక్షంలో ఒక చోటును గుర్తించడానికి ఆరు బిందువులు కావాలి. ఘనానికి ఉన్న ఆరు ముఖాల మీద ఒక్కో బిందువు, ఎదురెదురు వాటిని కలిపితే మూడు గీతలు, ఆ మూడూ కలిసే చోటు మన గమ్యం. ఏడోది బయల్దేరే చోటు. చూడ్డానికి ఎంతో తెలివిగా ఉంటుంది. జాగ్రత్తగా చూస్తే నిలబడదు.

మొదటి చిక్కు: మూడు కొలతల అంతరిక్షంలో ఇష్టం వచ్చినట్టు గీసిన మూడు గీతలు సాధారణంగా ఒకచోట కలవవు. రెండు గీతలు కలవడమే అరుదు. కలిశాయీ అంటే చోటు తెలియడానికి ఆ రెండే చాలు, మూడోది అనవసరం.

రెండో చిక్కు: గేటు మీది గుర్తులు నక్షత్రరాశులు. రాశి అనేది ఒక బిందువు కాదు. ఒరాయన్‌నే తీసుకోండి. అందులో బెల్లాట్రిక్స్ మనకు సుమారు 250 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే రైజెల్ సుమారు 860 దగ్గర ఉంది. ఇక్కణ్నుంచి చూస్తేనే అవి పక్కపక్కన కనిపిస్తాయి. వేరే గ్రహం మీదికి వెళితే ఆ ఆకారమే ఉండదు. మరి పాలపుంతలోని ప్రతి గేటు మీదా అవే గుర్తులు ఎందుకున్నాయి?

మూడోది లెక్క. గేటు మీద 39 గుర్తులు. ఒకటి ఆ గేటుకే సొంతమైన బయల్దేరే గుర్తు. మిగతా 38లో ఆరు, ఒకసారి వాడింది మళ్లీ వాడకుండా, వరుస కూడా ముఖ్యమే అనుకుంటే 198 కోట్ల 76 లక్షల పైచిలుకు అడ్రసులు వస్తాయి. కానీ నిజంగా గీతలు గీస్తున్నట్టయితే వరుస ముఖ్యం కాకూడదు! ఏ గీత ముందు గీసినా, ఏ చివర నుంచి గీసినా అవి కలిసే చోటు మారదు. అలా చూస్తే ఒక్కో చోటుకు 48 రకాలుగా డయల్ చేయొచ్చు. అప్పుడు వేర్వేరు చోట్లు 4 కోట్ల 14 లక్షలే మిగులుతాయి. సిరీస్‌లో మాత్రం అడ్రస్‌కు ఒకే వరుస. కాబట్టి అది రేఖాగణితం కాదు, నంబరు.

ఏడోచెవ్రాన్
మాస్టారూ, మీ లెక్కకు చేతులెత్తి దండం. మరి నంబరే అయితే నక్షత్రాలు జరిగిపోవడం గురించి టీమ్‌లోని శాస్త్రవేత్త కార్టర్ ఎందుకంత హైరానా పడుతుంది? మొదటి ఎపిసోడ్ 'చిల్డ్రన్ ఆఫ్ ది గాడ్స్'లో ఆ సంగతే కదా కీలకం. సినిమాలో వెళ్లిన అబిడోస్ గ్రహం ఒక్కటే ఎందుకు కలిసింది, మిగతావి ఎందుకు కలవలేదు అంటే, వేల ఏళ్లలో గ్రహాలు చోటు మారాయి, అబిడోస్ దగ్గరిది కాబట్టి తేడా తక్కువ అంటుంది. ఆ సవరణ కంప్యూటర్‌లో కలిపాకే మిగతా అడ్రసులు పనిచేశాయి.

లెక్కలమాస్టారు
మంచి ప్రశ్న. ముందు ఆ కదలిక ఎంతో చూద్దాం. మన చుట్టుపక్కల నక్షత్రాలు సూర్యుడితో పోలిస్తే సెకనుకు దాదాపు 20 కిలోమీటర్ల వేగంతో కదులుతుంటాయి. ఆ లెక్కన 10,000 ఏళ్లకు కాంతి సంవత్సరంలో మూడింట రెండొంతులు జరుగుతాయి. గేట్లు కట్టినవాళ్ల కాలం లక్షల, కోట్ల ఏళ్ల కిందటిది. పది లక్షల ఏళ్లంటేనే 67 కాంతి సంవత్సరాలు. అంటే కార్టర్ బెంగకు అర్థముంది.

నా ఉద్దేశం ఇది. అడ్రస్ నంబరే. ఆ నంబరు ఇప్పుడు ఏ చోటును సూచిస్తుందో చెప్పే పట్టిక ఒకటి వేరే ఉంటుంది. మామూలు గ్రహాల మీద ఆ పట్టికను డీహెచ్‌డీ, అంటే గేటు పక్కన ఉండే డయల్ యంత్రం, చూసుకుంటుంది. మనవాళ్ల గేటుకు డీహెచ్‌డీ లేదు, కాబట్టి వాళ్లు ఆ సవరణను సొంతంగా లెక్కగట్టుకోవాలి.

గేటుగోపి
దీనికి ఏడో సీజన్‌లో గట్టి సాక్ష్యం ఉంది. 'అవెంజర్ 2.0'లో ఒక డీహెచ్‌డీలోకి వైరస్ ఎక్కిస్తారు. డీహెచ్‌డీలు అప్పుడప్పుడూ ఒకదాన్నొకటి డయల్ చేసుకుని నక్షత్రాల స్థానాలు అప్‌డేట్ చేసుకుంటాయి కదా, ఆ దారిలోనే వైరస్ మొత్తం గేట్లకు పాకి అడ్రసులన్నీ తారుమారవుతాయి. భూమి గేటు కంప్యూటర్‌తో నడుస్తుంది కాబట్టి దానికి అంటుకోదు.

నిశాచరి
సినిమాకూ సిరీస్‌కూ పొత్తు కుదరదని మర్చిపోవద్దు. సినిమాలో అబిడోస్ ఎక్కడో విశ్వం అవతలి కొసన ఉంటుంది. సిరీస్‌కు వచ్చేసరికి మన పక్కింటి గ్రహం అయిపోయింది. ఏడు గుర్తులతో సొంత గెలాక్సీ దాటలేరని తర్వాత నియమం పెట్టారు కాబట్టి అలా మార్చక తప్పలేదు.

కొత్తప్రేక్షకి
గేటు మీద తొమ్మిది చెవ్రాన్లు, అంటే గుర్తులను బిగించే కొక్కేలు, ఉన్నాయి కదా, ఏడే వాడుతున్నారేంటి అని అడుగుదామనుకున్నాను. ఎనిమిదోది గెలాక్సీ దాటడానికా?

ఏడోచెవ్రాన్
అవును. ఫోన్ నంబరుకు ముందు వేసే దేశం కోడ్ లాంటిది. రెండో సీజన్ 'ది ఫిఫ్త్ రేస్'లో టీమ్ నాయకుడు ఓనీల్ మొదటిసారి ఎనిమిది వాడి అస్గార్డ్‌ అనే గ్రహాంతరవాసుల గెలాక్సీకి వెళ్తాడు. దానికి శక్తి విపరీతంగా కావాలి, మామూలు ఏర్పాటు చాలదు. అట్లాంటిస్ సిరీస్ మొత్తం ఈ ఒక్క ఇబ్బంది మీదే నిలబడింది. అక్కడి పెగాసస్ గెలాక్సీ నుంచి భూమికి డయల్ చేయాలంటే జెడ్‌పీఎమ్ అనే శక్తి మూలం కావాలి. అదేమో దొరకదు.

పెగాసస్_పద్మ
తొమ్మిదోది ఇంకా సరదా. 'యూనివర్స్' సిరీస్‌లో అది డెస్టినీ అనే ఓడకు తీసుకెళ్తుంది. ఓడ కదులుతూనే ఉంటుంది, దానికి స్థిరమైన చోటే లేదు. పైగా ఐకరస్ గ్రహం నుంచి డయల్ చేస్తూ చివర్లో ఆ గ్రహం గుర్తు కాకుండా భూమి గుర్తు పెడితేనే కలిసింది. బయల్దేరే చోటు అన్న వాదం అక్కడితో గాలికి పోయింది. అది అచ్చంగా పాస్‌వర్డ్. మాస్టారి 'నంబరు' సిద్ధాంతానికి ఇంతకంటే బలం ఏం కావాలి?

సందేహాలరావు
అడ్రస్ గొడవ తేలింది కాబట్టి నేను అసలు భయం దగ్గరికి వస్తాను. విడగొట్టి కూరుస్తుంది అన్నారు. మరి అవతల బయటికి వచ్చేది అదే మనిషా, నకలా?

నిశాచరి
వచ్చేశాడండీ. ప్రతి గేటు చర్చా చివరికి ఇక్కడికే వస్తుంది.

గేటుగోపి
సిరీస్ జవాబు చాలావరకు 'అదే మనిషి' వైపే ఉంది. ఐదో సీజన్ '48 అవర్స్' చూడాలి. టీమ్ సభ్యుడు టియాల్క్ గేటులోకి దూకిన క్షణంలో అవతలి వైపు దెబ్బతిని కనెక్షన్ తెగుతుంది. అతను బయటికి రాడు. పోలేదు కూడా. ఇవతలి గేటు బఫర్‌లో, అంటే కూర్చేదాకా దాచి ఉంచే చోట, అతని నమూనా ఉండిపోతుంది. కూర్చమని గేటుకు చెప్పాల్సింది డీహెచ్‌డీ. మనవాళ్ల కంప్యూటర్ ఆ మెట్టు లేకుండానే ఇన్నాళ్లూ పని కానిచ్చేసింది. ఇంకోసారి గేటు తెరిస్తే బఫర్ చెరిగిపోతుంది కాబట్టి వాడకం ఆపేసి, రష్యా దగ్గరున్న డీహెచ్‌డీ కోసం బేరాలాడతారు.

ఇక్కడ గమనించాల్సింది ఇది: నకలు తీసే యంత్రమైతే బయల్దేరిన చోట అసలు ప్రతి ఉండాలి, లేదా అవతల రెండోది తీయగలగాలి. ఎక్కడా అలా జరగదు. ఉన్నది ఒక్కటే, అది ఏదో ఒక గేటులో ఉంటుంది.

లెక్కలమాస్టారు
విడగొట్టడమంటే మనిషిని శక్తిగా మార్చడమేనని కొందరు అంటారు, ఆ మాటను మాత్రం నేను ఒప్పుకోను. 70 కిలోల మనిషిని పూర్తిగా శక్తిగా మారిస్తే వచ్చేది 1,500 మెగాటన్నుల టీఎన్‌టీతో సమానం. ఇంతవరకు పేల్చిన వాటిలో అతి పెద్ద బాంబు, 1961 నాటి సోవియట్ త్సార్ బాంబా, 50 మెగాటన్నులు. అంటే ఒక్కో సైనికుడూ అలాంటివి ముప్పై.

ఇప్పుడు ఐరిస్‌ను తలుచుకోండి. గేటుకు అడ్డంగా మూసుకునే ఆ టైటానియం రేకుల మూత. ఈవెంట్ హొరైజన్‌కు 3 మైక్రోమీటర్లలోపే ఉంటుంది కాబట్టి వచ్చినవాళ్లు కూర్చుకోవడానికి చోటుండదు. శత్రువులు దానికి తగిలినప్పుడు మనకు వినిపించేది 'ధబ్' అనే చప్పుడు మాత్రమే. నిజంగా శక్తిరూపంలో వస్తుంటే ఆ ఒక్క ధబ్బుతో స్థావరం ఉన్న షయాన్ పర్వతం, దాంతోపాటు కొలరాడోలో పెద్ద ముక్క లేచిపోవాలి. కాబట్టి వచ్చేది పదార్థమే. సన్నటి కణాల ధారగా వస్తుందని నా అభిప్రాయం.

సందేహాలరావు
ఐరిస్ మూసి ఉంటే, గేటు తెరుచుకోగానే ముందుకు ఎగదన్నే నీటి కెరటం కూడా రాదు కదా. అదీ ఇందుకేనా?

లెక్కలమాస్టారు
అదే. ఏర్పడటానికి చోటులేదు. మూత లేనప్పుడు ఆ కెరటం దారిలో ఉన్నదేదైనా మాయమే.

పెగాసస్_పద్మ
బఫర్ గురించి అట్లాంటిస్‌లో అసలైన ఎపిసోడ్ మొదటి సీజన్‌దే, 'థర్టీ-ఎయిట్ మినిట్స్'. చిన్న ఓడ ఒకటి అంతరిక్షంలోని గేటులో సగం దూరి ఇరుక్కుపోతుంది, దాని ఇంజిన్ పాడ్ లోపలికి ముడుచుకోక. ముందు భాగంలో ఉన్న పైలట్లు విడిపోయి బఫర్‌లో ఉన్నారు. వెనక భాగంలో ఉన్నవాళ్లు మామూలుగా మాట్లాడుకుంటూ ఉన్నారు. ఎందుకంటే గేటు వస్తువు మొత్తం లోపలికి వచ్చేదాకా ఏదీ పంపదు. సగం మనిషిని అవతలికి తోయదు. గోపి గారి 'పంపే యంత్రం' ఇక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. తలుపే అయితే ముందున్నవాళ్లు అవతల బయటపడి చేయి ఊపాలి కదా.

బఫర్‌లో ఉన్నవాళ్లకు కాలం నడవదు. ప్రాణాపాయంలో ఉన్న టీమ్ నాయకుడు షెపర్డ్‌ను ఆ నీళ్లలోకి తోసి అలా ఆపి ఉంచుతారు. చివర్లో వెనక తలుపు పేల్చి, బయటికి తన్నుకుపోయే గాలి తోపుతో ఓడను లోపలికి నెడతారు. లోపలికి వెళ్లిన వేగమే బయటికి వచ్చే వేగం అన్న నియమాన్ని కూడా గుర్తుపెట్టుకోండి, చాలా చోట్ల పనికొస్తుంది.

కొత్తప్రేక్షకి
ఆ 38 నిమిషాలు ఎక్కణ్నుంచి వచ్చాయి?

ఏడోచెవ్రాన్
మామూలు శక్తితో ఒక వర్మ్‌హోల్‌ను అంతకు మించి తెరిచి ఉంచలేరు. దాటించాలంటే బయటినుంచి భారీగా శక్తి పోయాలి. మీరు చూసిన బ్లాక్ హోల్ ఎపిసోడ్‌లో అదే జరిగింది. ఆరో సీజన్ మొదట్లో అనూబిస్ అనే శత్రువు ఆయుధం అదే పని చేస్తుంది. గేటులోకి శక్తి ఎక్కిస్తూ పోతాడు, గేటు నాక్వదా అనే ఖనిజంతో చేసినది కాబట్టి అదంతా లోపల పోగుపడుతుంది, పేలితే భూమి గతి అంతే.

నిశాచరి
38 ఎందుకు, 40 ఎందుకు కాదు అని అడగకండి. గుండ్రటి సంఖ్య పెడితే రచయిత కనిపిస్తాడు. 38 పెడితే ప్రకృతి నియమంలా ఉంటుంది. ఈ సిరీస్‌లో నాకు నచ్చిన చిన్న గడుసుతనం ఇదే.

గేటుగోపి
పద్మ గారు ఇందాక అడిగిన కంత సంగతికి ఇప్పుడు వస్తాను. వర్మ్‌హోల్ నిజంగా అంతరిక్షంలోంచే వెళ్తుందనడానికి సాక్ష్యాలు చాలా ఉన్నాయి. '1969'లో అది సౌరజ్వాల దగ్గరగా వెళ్లి వంగి, గతంలోకి తిరుగుతుంది. 'రెడ్ స్కై'లో ఒక నక్షత్రం మధ్యలోంచి దూసుకెళ్లి దాన్ని పాడుచేస్తుంది. డీహెచ్‌డీ ఉంటే అలాంటి దారిని ఒప్పుకునేది కాదు, మన కంప్యూటర్ హెచ్చరికలను దాటేసి డయల్ చేసింది. 'సాలిట్యూడ్స్'లో శక్తి పొంగి వర్మ్‌హోల్ పక్కకు దూకి, అంటార్కిటికాలో ఉన్న రెండో గేటుకు తగులుకుంటుంది. కార్టర్, ఓనీల్ వేరే గ్రహం మీద ఉన్నామనుకుంటూ భూమి మీదే మంచులో పడి ఉంటారు.

కాబట్టి దారి నిజం, కంత నిజం. వస్తువు మాత్రం ముక్కలై వెళ్తుంది. ఐన్‌స్టీన్, రోజెన్ 1935లో లెక్కల్లో చూపించిన వంతెన అసలు దాటడానికి వీలైనది కాదు, కాంతి దాటేలోపే పూడుకుపోతుంది. 1988లో మోరిస్, థోర్న్ దాటగలిగే రకానికి ఏం కావాలో లెక్క వేశారు. దాన్ని తెరిచి ఉంచడానికి రుణాత్మక శక్తి ఉన్న వింత పదార్థం కావాలి. సిరీస్ ఆ భారమంతా నాక్వదా నెత్తిన పెట్టేసింది.

సందేహాలరావు
అయితే మోరిస్, థోర్న్ రకంలో మనిషి ముక్కలవకుండానే నడిచి వెళ్లొచ్చు కదా? మరి గేటు కట్టినవాళ్లకు ఈ విడగొట్టే తంటా ఎందుకు?

లెక్కలమాస్టారు
సైజు వల్ల అనుకుంటాను. మనిషి పట్టేంత వెడల్పున్న కంతను గెలాక్సీ పొడవునా తెరిచి ఉంచడం కంటే, కణాల ధార పట్టేంత సన్నటిదాన్ని తెరిచి ఉంచడం ఎంతో చవక. ఇది సిరీస్ మాట కాదు, నా మాట. కానీ ఎనిమిదో చెవ్రాన్‌కు శక్తి ఎందుకు అంత పెరుగుతుందో దీంతో కొంత అర్థమవుతుంది.

పెగాసస్_పద్మ
ఒప్పుకుంటాను. ఈ విడగొట్టి పంపే పద్ధతిని అట్లాంటిస్ శాస్త్రవేత్త మెకే, కార్టర్ చక్కగా వాడుకున్నారు కూడా. జెడ్‌పీఎమ్ లేకుండా రెండు గెలాక్సీల మధ్య 34 గేట్లను వరుసగా పెట్టారు, సగం పాలపుంతవి, సగం పెగాసస్‌వి. మనిషిని ఏ గేటూ కూర్చదు. బఫర్‌లోకి తీసుకుని ముందు గేటుకు పంపేస్తుంది. మధ్యలో మిడ్‌వే స్టేషన్‌లో దిగి రెండో వరుస ఎక్కాలి. తలుపు అనుకుంటే ఈ ఏర్పాటు ఊహకే అందదు.

కొత్తప్రేక్షకి
అందరికీ థ్యాంక్స్. ఒక్కటి మిగిలింది. శత్రువు భూమికి డయల్ చేస్తుంటే ఐరిస్ ఒక్కటేనా దిక్కు? గేటును బిజీగా ఉంచితే సరిపోదా?

ఏడోచెవ్రాన్
సరిపోతుంది, కొంతసేపటికి. మీరు ముందే వేరేచోటికి డయల్ చేసి పెట్టుకుంటే బయటివాడికి కనెక్షన్ దొరకదు. కానీ 38 నిమిషాలకు మీది మూసుకుంటుంది. మళ్లీ డయల్ చేసేలోపు ఆ సందులో ఎవరు ముందు కలిపితే గేటు వాళ్లది. డీహెచ్‌డీ అయితే గుర్తులు చకచకా నొక్కేయొచ్చు. భూమి మీద రింగు ఒక్కో గుర్తు దగ్గరికీ తిరిగి ఆగాలి. ఆ పందెంలో మనవాళ్లు వెనకబడతారు, అందుకే ఐరిస్.